తాళం పడ్డ వలపెట్టె

నేను రిటైరై ఇన్నేళ్ళయినా వర్క్‌షాపులో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడ కనబడినా ఒకటే అడుగుతారు. "కాకా, నీ సర్వీసుల నువ్వు చేసిన పెద్ద పని ఏంది?" వాళ్ళకు కావాల్సింది పెద్ద మిషన్ల కథ. ఇంజనీర్లంతా చేతులెత్తేసిన పంపును నేనొక్కణ్ణే బాగుచేసిన కథో, బొగ్గు బాయిలో ఆగిపోయిన బెల్టును మళ్ళీ తిప్పిన కథో చెప్పాలి. అలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి, వాటిలో సగం నిజం కూడా. కానీ నిజంగా అడిగితే నేను చెప్పేది ఒక వలపెట్టె సంగతి. చేపలు పట్టే నావలో వల, గాలాలు, బెండ్లు సర్దుకునే పెట్టె. అది డ్యూటీలో చేసింది కూడా కాదు, డ్యూటీలే లేని రోజుల్లో చేసింది. ఈ మాట వినగానే పిల్లల మొహాలు చిన్నబోతాయి. చిన్నబోతే పోనీ, కొంచెం ఓపిక పట్టండి.

అప్పటికి మన రాష్ట్రం ఇంకా రాలేదు. తెలంగాణ కోసం అందరూ పనులు బంద్ పెట్టిన రోజులవి. మా బొగ్గు బాయిలు కూడా ఆగాయి. గోదావరిఖనిలో సైరన్ మోగినా ఎవరూ సైకిలు బయటకు తీసేవారు కాదు. మొదట్లో బాగానే ఉంది. సభలకు పోయాం, చౌరస్తాలో వంటావార్పు పెడితే కడుపునిండా తిన్నాం, గొంతు పోయేదాకా అరిచాం. కొన్నాళ్ళకు నా చేతులు ఊరుకోవడం మానేశాయి. నేను ఫిట్టర్ని. రోజూ ఏదో ఒకటి విప్పి బిగించకపోతే అన్నం సయించదు. ఇంట్లో ఉన్న కుక్కర్ పిడి బిగించాను, తలుపు బందులు విప్పి మళ్ళీ బిగించాను. బాగానే తిరుగుతున్న ఫ్యాను విప్పబోతుంటే మా ఆవిడ నిచ్చెన పట్టుకుని ఆపింది.

"నువ్వన్న బయటికి పో, లేకుంటే నీ స్పానర్లన్న బయటెయ్యి," అంది.

ఊరంతా ఖాళీగా ఉన్నా మా బావకు మాత్రం డ్యూటీ ఉంది. ఆయన బాయిలో పంపు ఆపరేటరు. సమ్మె ఉందని బాయిలో ఊరే నీళ్ళు ఆగవు, తోడకపోతే బాయే మునిగిపోతుంది. అందుకని పంపులవాళ్ళకు సమ్మెలోనూ పని తప్పదు. మేమంతా జెండాలు పట్టుకుని తిరుగుతుంటే ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని షిఫ్టుకు పోయేవాడు. దారిలో మేం ఊరుకుంటామా?

"సూడుండ్రి, కంపెనీ అల్లుడు పోతుండు," అనేవాళ్ళం.

"బాయి మునిగినంక తెలంగాణ వస్తే ఏం జేస్తర్రా? అండ్ల ఈత కొడ్తరా?" అనేవాడు ఆగకుండానే.

బావ అంటే చుట్టరికం కాదు. ఆయన భార్య మొదటినుంచీ నన్ను తమ్మీ అని పిలుస్తుంది. కాబట్టి ఆమె నాకు అక్క, ఆయన బావ. ఇద్దరూ గోదావరి ఒడ్డున చేపలు పట్టే ఇళ్ళలో పుట్టినవాళ్ళే. మీసాలొచ్చిన కొత్తలోనే ఆయన నదిని వదిలి కంపెనీలో చేరాడు. గంగమ్మ బిడ్డకు కంపెనీ ఇచ్చిన ఉద్యోగమేమిటయ్యా అంటే, నీళ్ళను తోడి బయట పారబోయడం. ఈ మాట అని నేను ఆయన్ను ఏడిపించని వారం లేదు. అందరూ జేబులో దువ్వెన పెట్టుకుంటే ఆయన ఒక చిన్న స్పానరు పెట్టుకుని తిరిగేవాడు, పెళ్ళిళ్ళకు కూడా. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. ఒకసారి పంపును మోటారుకు కలిపే కప్లింగులో పోయాయి. ఆ రోజు పంపు విప్పి ఆయన చేయి బయటకు తీసింది నేనే. దాని గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆయన రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. సెంటినరీ కాలనీలో ఉన్న క్వార్టరు ఖాళీ చేసి ఊరికి పోవాలి. ఊరికి పోయి కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదు. మళ్ళీ నదిలో వల వేయాలని ఒక పాత నావ సంపాదించి, తారు పూసి, రేవులో పెట్టుకున్నాడు. ఇక కావాల్సింది వాళ్ళన్న ఒప్పుకోవడం.

ఆ అన్న రేవులో చేపలు పట్టేవాళ్ళందరికీ పెద్ద. అక్కడొక పద్ధతి ఉంది. పొద్దున్నే నావలు వరుసగా బయల్దేరతాయి. పెద్దాయన మొదట తన వల వదులుతాడు. ఆ వల కొసకు వెనక నావవాడు తన వల కొస ముడివేసి, అక్కడినుంచి తనది వదులుకుంటూ పోతాడు. అలా ఒకరి వలకు ఇంకొకరి వల కలిసి నదికి అడ్డంగా ఒకటే వరుస అవుతుంది. ముడి పడ్డవాడికే వరుసలో చోటు. మధ్యలో ఒకడు చిక్కు తీసుకుంటూ కూర్చున్నాడంటే వెనకున్న నావలన్నీ వాలుకు కొట్టుకుపోతాయి.

తమ్ముడు అడిగితే ఆయన ముందు చేతివంక చూశాడట.

"మూడు వేళ్ళతోని చిక్కు ఎట్ల తీస్తవురా? నీ కోసం అందర్ని ఆపుమంటవా? సరే, ఒక్క రోజు రా. నా ఎనుక నావ నీదే. వల చిక్కు పడకుండ దిగితే ఉండు. లేకుంటే ఒడ్డు మీద కూసోని సూడు."

ఈ సంగతి బావ మాకు టీ కొట్టు దగ్గర నవ్వుతూ చెప్పాడు. పక్కనే ఉన్న అక్క నవ్వలేదు. జీవితమంతా ఎవరికీ భారం కాని మనిషి, సొంత అన్నకు భారమవుతానేమోనని భయపడుతున్నాడు.

"వల చిక్కు పడకుండ ఉండే పెట్టె చేసిస్త బావా. అదెంత పని?" అన్నాను.

అక్కడే ఉన్న మా షాట్ ఫైరర్ కూడా నేనూ వస్తానన్నాడు. బాయిలో బొగ్గు పేల్చడానికి మందు పెట్టేవాడే షాట్ ఫైరర్. ఆ పనిలో ఒక నియమం ఉంది. పేలుడు మందు ఒక డబ్బాలో, దాన్ని అంటించే డిటోనేటర్లు ఇంకో డబ్బాలో ఉండాలి. రెంటికీ తాళం వేసి, చెవి తన ఒంటిమీదే ఉంచుకోవాలి, ఇంకొకరి చేతికివ్వకూడదు. మావాడు ఆ చెవిని మొలతాడుకు కట్టుకుని కట్టుకుని, చివరికి లోకంలో మూత ఉన్న ప్రతిదానికీ తాళం ఉండాలనే నమ్మకానికి వచ్చాడు. వాళ్ళింట్లో చక్కెర డబ్బాకు కూడా తాళమేనని ఆయన భార్యే మా ఆవిడతో చెప్పింది.

మొదటి పెట్టె గురించి మీరు బయట వేరేరకంగా వింటారు, కాబట్టి నా నోటనే వినండి. మంచి మందమైన ఇనుప రేకు, నాలుగు మూలలా ఎల్ ఆకారపు ఇనుప యాంగిలర్లు, లోపల ఐదారు గదులు, ప్రతి గదికీ మూత. షాట్ ఫైరర్ పట్టుబట్టి ప్రతి మూతకూ తాళం గొళ్ళెం పెట్టించాడు. బాయి కప్పు కూలి మీద పడ్డా సొట్ట పడనంత గట్టిగా వచ్చింది. దాన్ని ఆటోలోంచి దించడానికే నలుగురం కావాల్సి వచ్చింది. జీవితమంతా పైనుంచి ఏం పడుతుందోనని చూసుకునేవాళ్ళం మేము. నావకు గండం కిందనుంచి వస్తుందని మాకు తట్టలేదు.

రేవులో పెట్టెను నావలో ఒక పక్కకు పెట్టాం. బావ ఎక్కాడు. నేనూ ఎక్కాను. నావ ఒకవైపు వంగి, నిదానంగా, ఏ తొందరా లేకుండా నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. మోకాలి లోతు నీళ్ళే కాబట్టి ప్రాణాలకేమీ కాలేదు, మర్యాదే మునిగింది. వలలు ఆరబెట్టుకుంటున్నవాళ్ళు పని ఆపి మరీ చూశారు.

"ఏందన్నా, పంపు తీస్కరమ్మంటవా?" అని ఒకాయన బావనే అడిగాడు.

అక్క చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నీళ్ళలోకి వచ్చి పెట్టెను తట్టి చూసింది.

"తమ్మీ, వలపెట్టె చెయ్యమంటె బీరువ చేసినవేందిరా?"

ఇప్పటికీ నా మాట ఒక్కటే. పెట్టెలో తప్పేమీ లేదు. నావే కొంచెం బలహీనంగా ఉంది. ఆ పెట్టెలో ఈ రోజుకూ అక్క బియ్యం పోసుకుంటుంది, ఒక్క ఎలుక దూరలేదు. కానీ ఆ పూట బావ గట్టుమీద కూర్చుని తడిసిన లుంగీ పిండుకుంటూ అన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది.

"ఇడిసిపెట్టుండ్రిరా. ఒడ్డు మీద కూసోని సూస్త. అది గూడ పనే."

మర్నాడు ఆ బీరువాను మోసుకుని వాళ్ళ క్వార్టరుకు పోయాం. బావ డ్యూటీకి పోయి ఉన్నాడు. అక్క టీ పెడుతుంటే పెరటి గోడవంక చూశాను. అక్కడ రెండు మేకుల మీద ఒక పైపు ముక్క ఉంది. దానికి ఇంటి స్పానర్లన్నీ వరుసగా తొడిగి ఉన్నాయి. చూడగానే నాకు పాత కోపం వచ్చింది. బాయిలో ఆయన పంపు దగ్గర కూడా అంతే. మేం ఫిట్టర్లం స్పానర్లను సైజు ప్రకారం పెడతాం, అదీ అందం. ఆయన పెద్దదాని పక్కన చిన్నది, దాని పక్కన ఇంకేదో తొడిగేవాడు. ఎన్నిసార్లు సర్ది వచ్చినా మర్నాటికి మళ్ళీ ఆయన వరసే. ఇదేం తిక్క అని ఒకసారి గట్టిగా అడిగాను.

"సైజుతోని నాకేం పని? నీళ్ళు మోకాళ్ళ దాక వచ్చినప్పుడు, లైటు పోయినప్పుడు, ముందుగాల కావల్సింది ముందుగాల చేతికి రావాలె," అన్నాడు అప్పుడు.

టీ తాగకుండానే లేచి ఆ స్పానర్లను పైపు కొసవైపు వేలితో తోశాను. ఒక్కో స్పానరు ఒకదాని వెనక ఒకటి జారి కిందపడింది. ఏదీ ఇంకోదానికి తగులుకోలేదు.

"అక్కా, వల పైతాడుకు రింగులు కట్టి ఇట్ల పైపుకు తొడిగితే?"

అక్క కింద పడ్డ స్పానర్లను చూసింది, నన్ను చూసింది. లోపలికి పోయి ఒక పాత డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. అన్నీ ప్లాస్టిక్ గాజులు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం.

"ఇనుప రింగులు కట్టినవనుకో, మళ్ళ ముంచుతవు," అంది.

ఈసారి పెట్టె పల్చటి పలకలతో, వెదురుతో చేశాను. నావ మధ్యలో పొడుగ్గా, ఇరుకుగా ఉంటుంది. పైన నున్నటి పైపు. దాని ఒక కొసను రెండు నట్లతో పెట్టెకు బిగించాను. రెండో కొస ఖాళీ. ప్రయాణంలో గాజులు జారిపోకుండా అక్కడ చిన్న గొళ్ళెం. వల పైపు మీద గాజులతో వేలాడుతుంది, వల కింది అంచుకు బరువు కోసం కట్టిన గుండ్లు పెట్టెలో కూర్చుంటాయి. గొళ్ళెం తీసి నావ నడిపితే గాజులు ఒక్కొక్కటే జారి వల దానంతటదే దిగాలి. మూడు వేళ్ళు కాదు, ఒక్క వేలు చాలు. గాలాలకు మాత్రం నావకు ఆ చివరన వేరే అర పెట్టించాడు షాట్ ఫైరర్. "గాలం, వల ఒక్క తాన ఉండొద్దు. డిటోనేటరు, మందు ఉంచుతమా?" అన్నాడు. ఆ మాట నిజమే, ఒప్పుకున్నాను. తాళం మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. మొహం మాడ్చుకున్నాడు.

బావ డ్యూటీ దిగి రాగానే కాలనీ రోడ్డు మీదే సాధన. పెట్టెను చక్రాల బండి మీద పెట్టి నేను లాగడం, బావ పక్కన నడుస్తూ గాజులు వదలడం, వెనక రోడ్డు పొడుగునా వల పరుచుకోవడం. సమ్మెలో ఉన్నవాళ్ళకు ఇంతకంటే కాలక్షేపమేముంది? కాలనీ అంతా గడపల్లోకి వచ్చింది.

"అన్నా, రోడ్డు మీద ఏం చేపలు పడ్తున్నయి?"

"నీ అసోంటియి, బొగ్గు తిని బలిసినయి," అన్నాడు బావ. ఆయన మళ్ళీ మాటకు మాట అనడం చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది.

పరీక్ష రోజుకు ముందటి సాయంత్రం పెట్టెను నావలో బిగించి, వల తొడిగి, అంతా సరిచూసుకుని ఇళ్ళకు పోయాం. అందరికంటే చివర కదిలింది షాట్ ఫైరర్. అది నేను పట్టించుకోలేదు.

తెల్లవారి నేనూ షాట్ ఫైరరూ రేవు చేరేసరికి గట్టున టీ కొట్టు అప్పుడే తెరిచారు. ఒక గ్లాసు తాగి కిందికి దిగుదామనుకున్నాం. ఇంతలో చూస్తే పెద్దాయన అనుకున్నదానికంటే ముందే నావ తోశాడు. వెనకే అక్క తెడ్డు పట్టుకుని, బావ పెట్టె దగ్గర నిలబడి వాళ్ళ నావ పోతోంది. వాళ్ళ వెనక మిగతా నావలు. నీళ్ళమీద మాట స్పష్టంగా వినిపిస్తోంది. పెద్దాయన తన వల వదులుకుంటూ పోయి, కొస చేతిలో పట్టుకుని ఆగాడు. అక్క నావను ఆయన పక్కకు తెచ్చింది.

బావ చేయి గొళ్ళెం మీదికి పోయి ఆగింది. వంగి చూశాడు. చేత్తో తడిమి చూశాడు.

నా పక్కన షాట్ ఫైరర్ టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. మెల్లగా మొలతాడు తడుముకున్నాడు. తాళంచెవి అక్కడే ఉంది.

"తాళమేసినవా?" అన్నాను.

"అందరు పోయినంక నావ ఒక్కటే ఉండె. అండ్ల గాలాలున్నయి, వల ఉన్నది. తాళమెయ్యకుండ నాకు కాలు కదలలే. పొద్దుగాల తీద్దామనుకున్న."

"మర్సిపోయినవా?"

"మర్వలే. ఆళ్ళు జల్ది పోయిండ్రు."

ఆయన్ను కొడదామనుకున్నాను, కానీ ఆయన అప్పటికే నీళ్ళలోకి పరుగెత్తాడు. తాళంచెవిని చేత్తో పైకెత్తి పట్టుకుని నడుముల దాకా పోయాక తనకు ఈత రాదని గుర్తొచ్చి నిలబడ్డాడు. ఇటు ఒడ్డు దగ్గర తాళంచెవి, అటు నావలో తాళం, మధ్యలో గోదావరి. బావ చిక్కు తీయలేక ఓడిపోయినా ఒక లెక్క, మా తెలివితక్కువతనానికి ఓడిపోతాడే అనిపించింది.

"ఏందిరా, చిక్కు పడ్డదా?" అని పెద్దాయన అడిగాడు.

"చిక్కు లేదన్నా. తాళం పడ్డది."

"వలకు తాళమా?"

వెనక నావల్లో నవ్వులు మొదలయ్యాయి. అక్క తెడ్డు గట్టిగా వేస్తూ, "ఏసినోడు ఆడ నీళ్ళల్ల నిలబడ్డడు, సూడుండ్రి," అంది. నీటి వాలు నావను పక్కకు లాగుతోంది. మూడో నావవాడు ఇక ఆగలేక, "పెద్దన్నా, కొస నాకియ్యి, నేనేసుకుంట పోత," అన్నాడు. పద్ధతి ప్రకారం ఇచ్చేయాలి. పెద్దాయన కొసను గట్టిగా పట్టుకుని, రెండో చేయి ఎత్తి వాణ్ణి ఆగమన్నాడు.

బావ జేబులోంచి స్పానరు తీశాడు. తాళాన్ని వదిలేసి పెట్టెకు అవతలి కొసకు పోయి, నేను బిగించిన నట్ల మీద పెట్టాడు. నేను బిగిస్తే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. ఒకసారి ఊపిరి బిగబట్టి తిప్పాడు. మూడు వేళ్ళే, కానీ బాయిలో ఏళ్ళతరబడి నట్లు విప్పిన వేళ్ళు. చేతివైపు చూడనే లేదు. కళ్ళు నీటి మీదే ఉన్నాయి. "కుడిపక్కకు వెయ్యి, ఇంకొంచెం," అని అక్కకు చెబుతూనే ఉన్నాడు. నీళ్ళు పెరుగుతుంటే పంపు విప్పే మనిషి అలాగే విప్పుతాడు. చేయి నట్టు మీద, కళ్ళు నీళ్ళ మీద. నేను బాయిలో ఎన్నోసార్లు చూశాను. వాళ్ళన్న మాత్రం అదే మొదటిసారి చూడటం.

రెండు నట్లు విప్పి నోట్లో పెట్టుకున్నాడు. పైపును ఆ వైపు నుంచి వదులు చేసి వల కొస బయటకు తీశాడు. వలకు తల ఏది, తోక ఏది, ఎటునుంచి వేసినా వలే. అక్క ఆ మాట చెప్పించుకోకుండానే నావను తిప్పేసింది. బావ వల కొసను అన్న వైపు చాపాడు.

ముడి వేయాలి కదా. నాకు అప్పుడు గుర్తొచ్చింది. వల దిగడానికి ఇన్ని ఉపాయాలు పన్నిన మేము, ముడి సంగతే ఆలోచించలేదు. తడి తాడుకు ముడి వేయాలంటే అన్ని వేళ్ళూ కావాలి. బావకు కూడా అదే తట్టినట్టుంది. చాపిన చేయి గాలిలో ఆగింది.

పెద్దాయన ఆ చేతివంక కొంచెంసేపు చూశాడు.

"నువ్వు పట్టుకో. ముడి నేనేస్త," అన్నాడు.

తమ్ముడు పట్టుకున్నాడు, అన్న ముడి వేశాడు. అక్క తెడ్డు వేసింది. గాజులు గలగలమంటూ ఒక్కొక్కటే జారి, వల ఒక్క చోట కూడా తగులుకోకుండా దిగిపోయింది. ఒడ్డున నేను ఏడ్చానని షాట్ ఫైరర్ ఊరంతా చెప్పాడు. ఆయన నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఏడ్చిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఎండెక్కాక అందరూ ఒడ్డుకొచ్చారు. పెద్దాయన నేరుగా మా దగ్గరికి వచ్చి తాళం తీయించి, దాన్ని చేతిలో తిప్పి చూశాడు.

"మంచి తాళం. ఇంటికి పట్కపో," అని షాట్ ఫైరర్ చేతిలో పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "అసోంటి పెట్టె నాకొకటి గావాలె. నట్లు కొంచెం లూజుగ పెట్టు," అన్నాడు.

అదీ నా సర్వీసులో పెద్ద పని. తర్వాత సమ్మె ముగిసింది, రాష్ట్రం వచ్చింది, బావ రిటైరయ్యాడు, నేనూ అయ్యాను. ఇప్పుడు ఆ రేవులో చాలా నావల్లో అలాంటి పెట్టెలున్నాయి. గాజులు తెచ్చిస్తేనే చేసిస్తానని నా షరతు. మీరు ఎప్పుడైనా ఏదైనా చేసేటప్పుడు, అది వాడే మనిషి గోడవంక ఒకసారి చూడండి. నా దగ్గర ఉన్న పాఠం అంతే, ఇంతకంటే పెద్దది కావాలంటే ఇంజనీర్లను అడగండి.

మొన్న పండగకు చేపల కోసం పోయినప్పుడు అక్క నాకొక సంగతి చెప్పింది. బావ ఇంట్లో కూర్చుని ఎడమచేయి, పళ్ళు కలిపి ముడి వేయడం ఎన్నడో నేర్చుకున్నాడట. ఇప్పుడు ఎంత తడి తాడైనా చిటికెలో వేస్తాడట. నేను తెల్లవారి గట్టున నిలబడి చూశాను. పెద్దాయనకు వయసు మీద పడింది, చేతులు కొంచెం వణుకుతున్నాయి. అయినా బావ ఎప్పటిలాగే కొస పట్టుకుని చేయి చాపాడు, అన్న ఎప్పటిలాగే వంగి నిదానంగా ముడి వేశాడు. వెనక నావలన్నీ ఓపికగా ఆగాయి.

ఒడ్డుకొచ్చాక అడిగాను. "నీకు ముడి వస్తదట గద బావా. మీ అన్నకు చెప్పలేదా?"

బావ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"చెప్తే ఎట్లరా? రేపటిసంది నేనే ఏసుకోవాలె గద."